ఇంటి లేత్ మీద థ్రెడ్ కట్ చేయడం ఎలా

మామూలు బోల్టు కోసం ఎవరూ లేత్ (కడ్డీని తిప్పుతూ టూల్‌తో కోసే యంత్రం) దగ్గరికి వెళ్లరు, హార్డ్‌వేర్ షాపుకి వెళ్తారు. లేత్ అవసరం వేరే చోట వస్తుంది. పాత బెంచ్ వైస్ స్క్రూ అరిగిపోతుంది. ఎక్కడా దొరకని స్టడ్ (తల లేని బోల్టు) ఒకటి పడవ ఇంజన్‌లో విరుగుతుంది. ఒక చివర బేరింగ్, ఇంకో చివర నట్ ఎక్కాల్సిన షాఫ్ట్ కావాలి. కడ్డీ మీద తిప్పి థ్రెడ్ కోసే డై ఉంది కదా అంటారా? ఉంటే వాడండి, తప్పేం లేదు. కాకపోతే డై కాస్త ఒరిగి ఎక్కిందంటే థ్రెడ్ (బోల్టు చుట్టూ తిరిగే గాడి) మొత్తం ఒరిగిపోతుంది, నట్ బిగించినప్పుడు ఒక పక్కే ఆనుతుంది. లేత్ మీద, జాబ్‌ని (కోస్తున్న కడ్డీని) చక్‌లోంచి (దాన్ని పట్టి తిప్పే బిగింపులోంచి) తీయకుండా కోసిన థ్రెడ్ షాఫ్ట్‌తో ఒకే కేంద్రం మీద ఉంటుంది. ఈ ఒక్క లాభం కోసమే ఇంత శ్రమ.

ఉదాహరణకి ఎం12 సైజు (12 మిల్లీమీటర్ల వ్యాసం), 1.75 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క చుట్ల మధ్య దూరం) ఉన్న స్టడ్ తీసుకుందాం, థ్రెడ్ పొడవు 25 మిల్లీమీటర్లు. మొదటిసారికి ఇది మంచి సైజు. అంతకంటే సన్నదైతే జాబ్ వంగుతుంది, మరీ పెద్ద పిచ్ అయితే చిన్న లేత్ మూలుగుతుంది.

ఒక మాట ముందే చెప్తాను. థ్రెడ్ బాగా రావడం, రాకపోవడం అనేది చాలావరకు మోటార్ ఆన్ చేయకముందే తేలిపోతుంది. టూల్ కోణం, టూల్ ఎత్తు, గేర్లు, జాబ్ పట్టు, ఈ నాలుగూ సరిగ్గా కుదిరితే కోత ఓపికగా చేసుకుపోవడమే. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు తయారీ గురించే ఉంటాయి.

ఏ ఇనుము తీసుకోవాలి

ఇల్లు కట్టగా మిగిలిన టీఎంటీ కడ్డీ విశాఖలో ప్రతి ఇంటి వెనకా ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి. తయారయ్యేటప్పుడే వేడి కడ్డీని నీళ్లతో చల్లార్చడం వల్ల దాని పై పొర గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉంటుంది. పై పొర టూల్ అంచును తినేస్తుంది, లోపలికి వెళ్లేసరికి కోత స్వభావమే మారిపోతుంది. గాజువాక ఆటోనగర్ వైపు మెటల్ షాపుల్లో బ్రైట్ బార్ (నున్నటి ఉక్కు కడ్డీ) అడగండి. ఈఎన్1ఏ రకం ఉక్కు దొరికితే నేర్చుకోవడానికి అంతకు మించింది లేదు, చిప్స్ (కోతలో వచ్చే లోహపు పొట్టు) పొట్టిగా తెగిపడతాయి, థ్రెడ్ పక్కలు నున్నగా వస్తాయి. ఈఎన్8 బలంగా ఉంటుంది, కాస్త నెమ్మదిగా కోస్తే చాలు. మామూలు మైల్డ్ స్టీల్ మెత్తన, కానీ పీచులా చిరుగుతుంది. ఉప్పుగాలికి తట్టుకుంటుందని మొదటిసారే స్టెయిన్‌లెస్ స్టీల్ ఎత్తుకోకండి. కాస్త రుద్దుకుంటే చాలు, ఆ చోటు గట్టిపడిపోతుంది. ఇంకో నాలుగు థ్రెడ్లు కోశాక దాని దగ్గరికి వెళ్లొచ్చు.

టూల్ అరగదీయడం

మూడు ఎనిమిదోవంతుల అంగుళం హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ బిట్ తీసుకోండి, మిరాండా లాంటిది ఏదైనా సరే. మెట్రిక్ థ్రెడ్ కోణం 60 డిగ్రీలు. పాత బ్రిటిష్ విట్‌వర్త్ థ్రెడ్ అయితే 55 డిగ్రీలు. పాత మెషిన్లకు స్టడ్ చేసేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే 55 నట్‌లోకి 60 బోల్టు ఎక్కినట్టే ఎక్కి కొన్ని చుట్లకే బిగుసుకుంటుంది.

గ్రైండర్ మీద టూల్ రెండు పక్కలూ అరగదీస్తూ, మధ్యమధ్యలో సెంటర్ గేజ్ అనే చిన్న కొలత రేకులోని 60 డిగ్రీల గాడిలో పెట్టి వెలుతురుకి ఎదురుగా చూడండి. సందులోంచి వెలుగు కనిపించకూడదు. టూల్ పైభాగం చదునుగానే ఉంచండి, వాలు ఇస్తే కోణం మారుతుంది. పక్కల కింద మాత్రం ఖాళీ కావాలి. ఎం12 థ్రెడ్ చుట్టు దాదాపు 3 డిగ్రీలు వాలి ఉంటుంది, టూల్ కూడా ఆ వాలు వెంటే నడవాలి. అందుకని చక్ వైపు ఉండే పక్కకి 8 డిగ్రీలు, రెండో పక్కకి 5 డిగ్రీలు కింద ఖాళీ ఇవ్వండి. ఇది చాలకపోతే టూల్ కోయదు, రుద్దుతుంది. థ్రెడ్ ఒక పక్క నున్నగా, ఇంకో పక్క చిరిగినట్టు వస్తే మొదట చూడాల్సింది ఇదే.

చివరికి నూనె రాయి మీద ముక్కును సుతారంగా రుద్ది 0.2 మిల్లీమీటర్ల వెడల్పు చదును చేయండి. సూదిలాంటి ముక్కు మొదటి కోతలోనే విరిగిపోతుంది, పైగా థ్రెడ్ అడుగున పదునైన గీత పడితే బోల్టు అక్కడే తెగుతుంది.

విశాఖలో ఉన్నవాళ్లకి ఒక మంచి సదుపాయం ఉంది, దాన్ని వాడుకోవాలి. షిప్‌యార్డ్, పోర్టు, రైల్వే, స్టీల్ ప్లాంట్‌లలో పనిచేసి రిటైరైన టర్నర్లు మన కాలనీల్లోనే ఉంటారు. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఉంటే టూల్ తీసుకెళ్లి "మాస్టారూ, ఒకసారి చూస్తారా" అనండి. ఆయన వేలితో తడిమి చెప్పేది పది వీడియోలు చూసినా తెలియదు.

జాబ్ సిద్ధం చేయడం

కడ్డీని చక్‌లో బిగించి, ఫేసింగ్ చేసి (చివరను చదునుగా కోసి), సెంటర్ డ్రిల్‌తో గుంట పెట్టి, చక్‌కి ఎదురుగా ఉండే టెయిల్ స్టాక్‌లోని రివాల్వింగ్ సెంటర్‌తో (జాబ్‌తో పాటు తిరిగే మొనతో) ఆనించండి. 25 మిల్లీమీటర్ల థ్రెడ్‌కి సెంటర్ ఎందుకు అనిపిస్తుంది. ఆనించకపోతే చివర జాబ్ వెనక్కి వంగుతుంది, చక్ దగ్గర సరిపోయిన నట్ చివర ఎక్కదు.

బయటి వ్యాసం సరిగ్గా 12 ఉండకూడదు. మామూలుగా వాడే 6జీ ఫిట్‌లో (బోల్టు కొలతలో ఎంత తేడా ఉండొచ్చో చెప్పే తరగతి) ఎం12 బోల్టు బయటి వ్యాసం 11.70 నుంచి 11.97 లోపు ఉండొచ్చు. 11.85కి తిప్పి ఆపండి. కోసేటప్పుడు థ్రెడ్ తల కాస్త పైకి ఉబ్బుతుంది కాబట్టి ఈ జాగా అవసరం.

థ్రెడ్ ఆగే చోట పార్టింగ్ టూల్‌తో ఒక గాడి కోయండి. వెడల్పు 4 మిల్లీమీటర్లు, లోతు ఒక్కో వైపు 1.2 మిల్లీమీటర్లు. ఈ గాడి టూల్ ఆగడానికి స్థలం. స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) నిమిషానికి 60 చుట్లు తిరుగుతుంటే టూల్ ఈ గాడిని దాటడానికి 2 సెకన్ల పైచిలుకు పడుతుంది. 300 చుట్ల దగ్గరైతే అర సెకను కూడా ఉండదు, మీ చెయ్యి స్విచ్ చేరేలోపు టూల్ జాబ్ భుజాన్ని (గాడి పక్కన లావుగా ఉన్న మెట్టుని) గుద్దేస్తుంది. వేగం సంగతి ఇక వేరే చెప్పక్కర్లేదు: వేగం తగ్గించే బ్యాక్ గేర్ వేసి, లేత్‌లో ఉన్న అతి తక్కువ వేగం పెట్టండి. కడ్డీ మొదటి అంచుకి 45 డిగ్రీల చాంఫర్ (ఏటవాలు కోత) ఇవ్వడం మర్చిపోకండి.

గేర్లు

ఎక్కువమంది భయపడేది ఇక్కడే, కానీ లెక్క చిన్నదే. స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే టూల్ ఒక పిచ్ దూరం జరగాలి, అంతే.

మన దగ్గర దొరికే పాత దేశీయ లేత్‌లలో చాలావాటికి లీడ్ స్క్రూ (టూల్‌ని పొడవునా జరిపే పెద్ద స్క్రూ) అంగుళానికి 4 థ్రెడ్లు ఉంటుంది. అంటే దాని పిచ్ 6.35 మిల్లీమీటర్లు. దాని మీద మెట్రిక్ థ్రెడ్ కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే అంగుళం 25.4 మిల్లీమీటర్లు, 25.4ని ఐదుతో గుణిస్తే 127. సూత్రం ఇలా గుర్తుపెట్టుకోండి: పిచ్‌ని 20తో గుణిస్తే వచ్చేది నడిపే గేరు పళ్లు, లీడ్ స్క్రూ మీద ఎప్పుడూ 127. మన 1.75 పిచ్‌కి 35 పళ్ల గేరు, 1.5కి 30, 2కి 40. మధ్యలో దూరం కలపడానికి ఎన్ని పళ్ల ఐడ్లర్ వేసినా నిష్పత్తి మారదు.

లీడ్ స్క్రూ 6 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న మెట్రిక్ లేత్ అయితే 1.75ని 6తో భాగించాలి, అంటే 35 బై 120. 127 గేరు లేదా? అప్పుడు విట్‌వర్త్ అర అంగుళం బోల్టుతో అభ్యాసం చేయండి. అది అంగుళానికి 12 థ్రెడ్లు, 4ని 12తో భాగిస్తే మూడోవంతు, 30 బై 90 గేర్లు సరిపోతాయి. టూల్ మాత్రం 55 డిగ్రీలు.

గేర్లు బిగించేటప్పుడు పళ్ల మధ్య ఒక కాగితం పెట్టి నొక్కి బిగించి, తర్వాత కాగితం లాగేయండి. ఆ కాస్త సందు లేకపోతే గేర్లు అరుస్తాయి. తర్వాత క్యారేజ్‌ని (టూల్‌ని మోసే భాగాన్ని) లీడ్ స్క్రూకి పట్టించే హాఫ్ నట్ వేసి, చక్‌ని చేత్తో పది చుట్లు తిప్పి క్యారేజ్ ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. 17.5 మిల్లీమీటర్లు జరగాలి. కొన్ని లేత్‌లలో స్పిండిల్ గేరుకి, మనం నడిపే గేరు బిగించే ఇరుసుకి మధ్యే వేరే నిష్పత్తి దాగి ఉంటుంది, ఈ పరీక్షలో అది బయటపడుతుంది.

టూల్ నిలబెట్టడం

టూల్ ముక్కు సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. లేత్ ఆగి ఉన్నప్పుడు ఆరంగుళాల స్టీల్ స్కేలుని జాబ్‌కి, టూల్ ముక్కుకి మధ్య తేలిగ్గా నొక్కండి. నిటారుగా నిలబడితే ఎత్తు సరిపోయింది. స్కేలు పైభాగం మీ వైపు ఒరిగితే టూల్ కిందికి ఉంది, అవతలికి ఒరిగితే పైకి ఉంది. పలచటి రేకు ముక్కలు కింద పెట్టి సరిచేయండి.

తర్వాత సెంటర్ గేజ్ వెనక అంచుని జాబ్‌కి ఆనించి, టూల్‌ని గేజ్ గాడిలోకి నడపండి. కింద తెల్ల కాగితం పెడితే సందు బాగా కనిపిస్తుంది. రెండు పక్కలా సమంగా ఉన్నప్పుడు టూల్ పోస్ట్ బిగించండి, బిగించాక మళ్లీ ఒకసారి చూడండి, బిగింపులోనే టూల్ తిరగొచ్చు.

ఇప్పుడు కాంపౌండ్ స్లైడ్, అంటే టూల్ కింద కోణానికి తిప్పుకోగల చిన్న స్లైడ్. టూల్‌ని నేరుగా లోపలికి నడిపితే రెండు పక్కలూ ఒకేసారి కోస్తుంది, చిప్స్ రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుని గాడిలో ఇరుక్కుంటాయి, థ్రెడ్ చిరుగుతుంది. 1 మిల్లీమీటరు పిచ్‌కి ఫర్వాలేదు, 1.75కి చిన్న లేత్ తట్టుకోదు. అందుకే కాంపౌండ్‌ని క్రాస్ స్లైడ్ (టూల్‌ని జాబ్‌కి అడ్డంగా నడిపేది) దిశ నుంచి 29.5 డిగ్రీలు తిప్పండి. హ్యాండిల్ తిప్పినప్పుడు టూల్ జాబ్ లోపలికి వెళ్తూ కాస్త చక్ వైపు కూడా జరగాలి, అప్పుడే దిశ సరైనది. కాంపౌండ్ బెడ్‌కి (లేత్ పొడవాటి పీఠానికి) సమాంతరంగా ఉన్నప్పుడు దాని డిగ్రీల గుర్తు సున్నా చూపించే లేత్ అయితే 60.5 దగ్గర పెట్టాలి. దీనివల్ల కోత భారం అంతా ఒక పక్క అంచు మీదే పడుతుంది, చిప్ తేలిగ్గా బయటికి జారుతుంది. కోణం 30 కాకుండా అర డిగ్రీ తక్కువ ఉండటం వల్ల రెండో పక్క కూడా కాస్త నున్నబడుతుంది.

కోతకు ముందు ఒంటి సంగతి

మే నెల ఉక్కకి లుంగీతో, భుజం మీద తువ్వాలుతో నిలబడాలనిపిస్తుంది. వద్దు. నెమ్మదిగా తిరుగుతోంది కదా అనుకునే ఈ పనిలోనే లీడ్ స్క్రూ బయటికి తిరుగుతూ ఉంటుంది, దానికి గుడ్డ చిక్కితే వదలదు. గ్లోవ్స్ వేసుకోకండి, పొట్టి చేతుల చొక్కా, కళ్లద్దాలు చాలు. గేర్ల మీద మూత తప్పకుండా పెట్టండి, ఇంట్లో పిల్లలుంటే ఇది బేరమాడే విషయం కాదు. చక్ కీ చేతిలోంచి జారాలంటే అది టేబుల్ మీదకే జారాలి, చక్‌లో ఉండిపోకూడదు.

గీత, ఆ తర్వాత కోత

జాబ్ మీద మార్కర్ పెన్ పూయండి. టూల్‌ని జాబ్‌కి తాకేదాకా తెచ్చి, క్రాస్ స్లైడ్ డయల్‌ని, కాంపౌండ్ డయల్‌ని రెండింటినీ సున్నా చేయండి. టూల్‌ని జాబ్ చివరి నుంచి ఓ 10 మిల్లీమీటర్లు కుడికి తెచ్చి, హాఫ్ నట్ వేయండి.

ఇక ఒక నియమం. అంగుళాల లీడ్ స్క్రూ మీద మెట్రిక్ థ్రెడ్ కోస్తున్నంతసేపూ హాఫ్ నట్ తెరవకూడదు. తెరిచి మళ్లీ వేస్తే టూల్ అదే గాడిలో పడుతుందన్న హామీ లేదు, హాఫ్ నట్ ఎప్పుడు వేయాలో చూపించే థ్రెడ్ డయల్ కూడా ఇక్కడ మామూలుగా పనికి రాదు. మెట్రిక్ లీడ్ స్క్రూ ఉన్నా, 1.75 పిచ్‌కి ఇదే పద్ధతి క్షేమం. చివరికి చేరాక టూల్ వెనక్కి లాగి, స్పిండిల్‌నే రివర్స్‌లో తిప్పి మొదటికి రావాలి.

కాంపౌండ్‌ని 0.05 లోపలికి ఇచ్చి మొదటిసారి నడపండి. సన్నటి గీత పడుతుంది. గాడి చేరగానే స్విచ్ ఆపి, క్రాస్ స్లైడ్ వెనక్కి లాగండి. పిచ్ గేజ్ పెట్టి చూడండి, లేదా స్కేలు పెట్టండి: నాలుగు పిచ్‌లు సరిగ్గా 7 మిల్లీమీటర్లు ఉండాలి. గేర్లు తప్పుగా పడి ఉంటే ఇప్పుడే తెలుస్తుంది, జాబ్ పాడవదు.

రివర్స్ గురించి రెండు మాటలు. ఇళ్లల్లో ఉండే సింగిల్ ఫేజ్ కెపాసిటర్ స్టార్ట్ మోటార్ తిరుగుతుండగానే డ్రమ్ స్విచ్‌ని రివర్స్‌కి వేస్తే అది వెనక్కి తిరగదు, ముందుకే తిరుగుతూ పోతుంది, టూల్ చక్‌లోకి వెళ్తుంది. పూర్తిగా ఆగాకే రివర్స్ వేయాలి. రెండోది, పాత లేత్‌లలో చక్ స్పిండిల్ మీద థ్రెడ్‌తో ఎక్కి ఉంటుంది. రివర్స్‌లో ఒక్కసారిగా కుదుపు ఇస్తే చక్ ఊడి రావచ్చు. ఈ రెండింటికీ ఒకే మంచి మందు ఉంది: స్పిండిల్ వెనక రంధ్రంలో బిగించే చేతి హ్యాండిల్. మన 25 మిల్లీమీటర్ల థ్రెడ్‌కి ముందున్న 10 మిల్లీమీటర్లు కలిపినా ఒక్కో కోతకి ఇరవై చుట్ల పైచిలుకు చాలు. మోటార్ ప్లగ్ తీసేసి చేత్తో తిప్పితే టెన్షన్ ఉండదు, భుజం దాకా వెళ్లే థ్రెడ్లు కూడా ధైర్యంగా కోయొచ్చు. హ్యాండిల్ బిగించి ఉండగా మోటార్ మాత్రం ఎప్పుడూ ఆన్ చేయకూడదు. ఇంట్లో చేసేవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ పద్ధతే.

ఇప్పుడు వరస ఒక్కటే. క్రాస్ స్లైడ్‌ని సున్నాకి తేవడం, కాంపౌండ్‌తో లోతు ఇవ్వడం, నూనె పూయడం, నడపడం, గాడిలో ఆపడం, క్రాస్ స్లైడ్ వెనక్కి లాగడం, రివర్స్‌లో మొదటికి రావడం. మొదటి రెండు కోతలు 0.2 చొప్పున, మొత్తం 0.8 అయ్యేదాకా 0.15 చొప్పున, తర్వాత 0.1, చివర్లో 0.05. లోతు పెరిగే కొద్దీ టూల్ కోసే వెడల్పు పెరుగుతుంది కాబట్టి ఒక్కో కోత తగ్గాలి. ప్రతిసారీ జాబ్ చివరికి 10 మిల్లీమీటర్లు దాటి వెనక్కి రావడం తప్పనిసరి. గేర్లలో, లీడ్ స్క్రూలో ఉన్న వదులు అంతా ఆ దూరంలోనే సర్దుకుంటుంది. లేకపోతే మొదటి చుట్టు పలచబడుతుంది.

స్టీల్‌కి కటింగ్ ఆయిల్ బ్రష్‌తో పూయండి. అది లేకపోతే కొబ్బరి నూనె కూడా పని చేస్తుంది. అల్యూమినియంకి కిరోసిన్, ఇత్తడికి ఏమీ వద్దు.

కాంపౌండ్ డయల్ మీద 1.1 దాటాక నట్ పెట్టి చూడటం మొదలుపెట్టండి. పైన చెప్పిన 0.2 ముక్కు చదునుతో 1.2, 1.25 మధ్య ఎక్కడో నట్ ఎక్కుతుంది. డయల్ అంగుళాల్లో ఉంటే అది 48 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) దగ్గర. ఆ అంకెని గుడ్డిగా నమ్మొద్దు, నట్‌నే నమ్మండి. సెంటర్ వెనక్కి తీసి, బ్రష్‌తో చిప్స్ దులిపి, సన్నటి ఆకురాయితో థ్రెడ్ తలల మీద బర్ (లేచిన పదునైన అంచు) తీసి, అప్పుడు నట్ తిప్పండి. వేళ్లతో చివరిదాకా వెళ్లాలి, అటూ ఇటూ ఊగకూడదు. ఎక్కకపోతే కొత్త లోతు ఇవ్వకుండానే అదే సెట్టింగ్‌లో మరోసారి నడపండి, టూల్ వంగి వదిలేసిన పొర తెగుతుంది. చాలాసార్లు దాంతోనే నట్ ఎక్కుతుంది. నట్ ఎక్కేదాకా జాబ్‌ని చక్‌లోంచి తీయకండి.

పరీక్షకి వాడే నట్ ఎలాంటిదో చూసుకోండి. తుప్పు భయంతో మన ఊళ్లో వేడి జింకులో ముంచిన జీఐ నట్లు ఎక్కువ అమ్ముతారు. ఆ పూత కోసం వాటి థ్రెడ్ కావాలనే కాస్త వదులుగా కోస్తారు. దాంతో కొలిచి చేసిన బోల్టు మామూలు నట్‌లోకి వెళ్లదు. పూత లేని కొత్త నట్ ఒకటి కొని డ్రాయర్‌లో గేజ్‌లా దాచుకోండి.

మధ్యలో టూల్ విరిగితే

జాబ్ పోయినట్టు కాదు. టూల్ మళ్లీ అరగదీసి, సెంటర్ గేజ్‌తో సరిచూసి బిగించండి. టూల్‌ని జాబ్‌కి దూరంగా ఉంచి, హాఫ్ నట్ వేసే ఉన్న స్థితిలో స్పిండిల్‌ని చేత్తో ముందుకి తిప్పుతూ టూల్‌ని థ్రెడ్ మధ్యకి తెండి. వెనక్కి మాత్రం తిప్పకండి, వదులు మళ్లీ వస్తుంది. అక్కడ ఆగి, క్రాస్ స్లైడ్‌ని, కాంపౌండ్‌ని కలిపి కదుపుతూ ముక్కుని పాత గాడిలో సరిగ్గా కూర్చోబెట్టండి. వెనక తెల్ల కాగితం, పక్కన టార్చి లైటు ఉంటే స్పష్టంగా కనిపిస్తుంది. అప్పుడు డయల్స్ మళ్లీ సున్నా చేసి సాగించండి.

థ్రెడ్ ఒక వైపుకి వాలిపోయినట్టు కనిపిస్తే టూల్ గేజ్‌కి నిటారుగా లేదు. చక్ దగ్గర లావు, చివర సన్నం అయితే టెయిల్ స్టాక్ పక్కకి జరిగి ఉంది. వరుసగా అలల్లాంటి గుర్తులు పడితే టూల్ మరీ బయటికి పొడుచుకొచ్చింది, లేదా కాంపౌండ్ జిబ్ (స్లైడ్ వదులు సర్దే పట్టీ) వదులుగా ఉంది.

పని అయ్యాక ఆ సాయంత్రమే బ్రష్‌తో దులిపి, లీడ్ స్క్రూ మీద, బెడ్ మీద, కొత్త థ్రెడ్ మీద నూనె రాయండి. బీచ్ వైపు ఇళ్లల్లో అయితే రాత్రి గడిచేసరికే ఎర్రటి మచ్చలు వస్తాయి, ముఖ్యంగా చెమట చేయి తగిలిన చోట. ప్లాస్టిక్ కవర్ కప్పకండి, తేమని లోపలే పట్టి ఉంచుతుంది. నూనె తడిపిన పాత నూలు దుప్పటి మేలు.

దీనికి జోడు నట్ కూడా మీరే చేయాలనుకుంటే లోపలి రంధ్రం 10.2 మిల్లీమీటర్లు వేసుకోండి. ఎం12 సైజుకి లోపల టూల్‌తో కోయడం కష్టం, బోరింగ్ బార్ సన్నగా ఉండి వణుకుతుంది. టెయిల్ స్టాక్‌తో ఆనించి ట్యాప్ (లోపలి థ్రెడ్ కోసే పనిముట్టు) తిప్పేయండి. లోపలి థ్రెడ్ లేత్ మీద కోయడం ఎం20 దాటాకే మొదలుపెట్టండి.